తోడుగొంతు

తెలుగు టీచరమ్మ కూతురికి ళ పలకదు.

అనకాపల్లిలో వాళ్ళుండే వీధిలో ఇది ఒకప్పుడు పెద్ద వేళాకోళం. వరహాలమ్మ ఉద్యోగమంతా పిల్లలకు తెలుగు చెప్పడమే. ఏ పిల్లవాడి నాలుక ఎక్కడ తడబడుతుందో వెనక బెంచీ దాకా వెళ్ళకుండానే విని పట్టేసేది. ఊళ్ళో అందరి నోటా ఒకేలా దొర్లిపోయే శ, ష, సలను కూడా విడివిడిగా పలికించింది. ఆవిడ ఓడిపోయింది సొంత కూతురు హైమ దగ్గరే. 'కళ్ళు' అనమంటే 'కల్లు' అనేది. ఒకసారి చుట్టాలొచ్చినప్పుడు, "నా కల్లు మండుతున్నాయమ్మా" అని ఏడిస్తే, వచ్చినాయన "తాటికల్లా, ఈతకల్లా తల్లీ?" అని అడిగి ఇల్లంతా నవ్వించాడు. వరహాలమ్మ మాత్రం నవ్వలేదు.

సాయంత్రం పాలగ్లాసు ముందు పెట్టి కూర్చోబెట్టేది. "నాలుక వెనక్కి మడిచి పైకి ఆనించు. ళ." హైమ శ్రద్ధగా నాలుక మడిచేది. ఊపిరి బిగబట్టేది. మొహమంతా ఎర్రబడేది. చివరికి, "ల" అనేది.

"నువ్వు కావాలనే అంటున్నావే."

"కావాలని అనేంత తెలివుంటే నేనే టీచర్నైపోదును కదమ్మా."

"సరేలే, పాలు తాగు. రేపు మళ్ళీ చూద్దాం."

ఆ 'రేపు మళ్ళీ చూద్దాం' హైమ పెళ్ళయ్యాక కూడా ఆగలేదు. మనవరాలు పుట్టినప్పుడు వరహాలమ్మ తనకు ఇష్టమైన పద్యం నడక పేరు తీసి 'తరళ' అని పెట్టింది. హైమ మంచం మీద నుంచే తల్లి వైపు అదోలా చూసింది. "ఇన్ని అక్షరాలుండగా ళ ఉన్న పేరే దొరికిందా నీకు?"

"కూతురి పేరు కోసమైనా నేర్చుకుంటావని."

నేర్చుకోలేదు. "తరలా, ఇలా రామ్మా" అనే పిలిచింది. పిల్ల తల్లి పిలిస్తే తరలగా, అమ్మమ్మ పిలిస్తే తరళగా, రెండింటికీ పలికేది.

*

హైమ విశాఖపట్నంలో ఒక చిన్న పరిశోధనశాలలో పని చేసేది. పిల్లలకు చదువు నేర్పడానికి ఏమేం చెయ్యొచ్చో అక్కడ పరీక్షించి చూస్తారు. కొండ మీది బడులకు వాళ్ళు ముందు పంపింది వినే పుస్తకాలు. చక్కటి గొంతులతో చదివించిన కథలు. పిల్లలు వాటిని చెవులు రిక్కించి విన్నారు, మాట పొల్లుపోకుండా అప్పజెప్పారు కూడా. పుస్తకం తెరిచి పెడితే మాత్రం ఒక్క అక్షరం గుర్తుపట్టలేదు. కథ చెవిలోంచి లోపలికి వెళ్ళిపోయింది. అక్షరం కాగితం మీదే మిగిలిపోయింది.

ఒక ఆదివారం హైమ అనకాపల్లి వచ్చి, తల్లి చూపుడువేలికి ఒక ఉంగరం తొడిగింది. రాయి ఉండాల్సిన చోట చిన్న గాజుకన్ను ఉంది.

"ఇదేటే, ఈ వయసులో నాకు ఉంగరం?"

"పేపరు మీద వేలు పెట్టమ్మా."

వరహాలమ్మ పేపరు మీద వేలు పెట్టింది. వేలి కింది అక్షరాన్ని ఉంగరం పలికింది. వేలు జరిగితే తర్వాతి అక్షరం పలికింది. వేలు ఆగితే ఆగింది. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ గొంతు హైమది.

"వేలు పెట్టి చదవమని నువ్వే కదా మమ్మల్ని చంపేదానివి. కన్ను, చెవి, వేలు ఒకే అక్షరం మీదుండాలని. అదే ఇది. ఇంకో సంగతి చూడు." ఉంగరం తీసి, అప్పుడు తన ఒళ్ళో ఉన్న తరళ వేలికి తొడిగింది. "ఇది పిల్ల గొంతు కూడా వింటుంది. పిల్ల తడుముకోకుండా, తనంతట తాను సరిగ్గా పలికే అక్షరం దగ్గర ఇది మెల్లమెల్లగా గొంతు తగ్గించుకుంటుంది. బాగా వచ్చేసిందనుకో, ఇక నోరెత్తదు. తప్పు పలికితే మళ్ళీ పలుకుతుంది. అలా ఒక్కో అక్షరం వదిలేసుకుంటూ, చివరికి ఏమీ మాట్లాడకుండా అయిపోతుంది."

"అంత కష్టపడి మాట్లాడే ఉంగరం చేసి, చివరికి మూగదాన్ని చేస్తావా?"

"నాకు ఈత నేర్పడానికి శారదా నదిలో నాన్న నా నడుముకి సొరకాయ బుర్ర కట్టేవాడు, గుర్తుందా?"

"లేకేం. బుర్ర విప్పిన రోజు ఏరు పొంగేలా ఏడ్చావు."

"ఏడ్చాను. ఈదాను కూడా." హైమ నవ్వింది. "పిల్ల ఇంట్లో వినే గొంతే ఇందులో పెడతాం. అమ్మదో, నాన్నదో, తాతదో. దీని పేరు తోడుగొంతు. తోడు రావాలి, చదవగలిగే దాకా. అంతే."

ఆ ఏడాది వానలు మొదలయ్యేలోగా హైమకు జబ్బుందని తెలిసింది. తర్వాతి వానలకు ఆమె లేదు. ఆ మధ్యలో, ఓపిక ఉన్న రోజుల్లో, పరిశోధనశాలకు వెళ్ళి గాజు గదిలో కూర్చుని ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం, ఒక్కో ఒత్తు కూతురి ఉంగరం కోసం చదివి వచ్చింది. ఇంటికొచ్చి గొంతు నొప్పి అనేది. వరహాలమ్మ మిరియాల పాలు కాచి ఇచ్చేది.

*

ఉంగరాన్ని తెచ్చి ఇచ్చింది కూర్మారావు. హైమ దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు, ఆమెను హైమక్క అనేవాడు. తరళ అప్పుడు ఒకటో తరగతి. తండ్రి సన్యాసిరావు విశాఖలో ఉక్కు కర్మాగారంలో పని చేస్తాడు, ఆదివారాలు వస్తాడు. పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉంటోంది.

ఆ ఆదివారం సాయంత్రం వీధి అరుగు మీద, బెల్లం ముక్క తిన్న చేతులు కడుక్కుని, తరళ మొదటిసారి వేలు పెట్టింది. పుస్తకంలో మొదటి బొమ్మ కింద 'అమ్మ' అని ఉంది.

"అ" అంది ఉంగరం. "మ్మ."

తరళ కదల్లేదు. కాసేపు అలాగే ఉండి, మళ్ళీ వేలు పెట్టింది. తర్వాత వేలు ఎత్తి చెవికి ఆనించుకుంది. అక్షరం లేనిచోట ఉంగరం ఏం మాట్లాడుతుంది? పిల్లకు సంగతి అర్థమైంది. వేలు మళ్ళీ కాగితం మీద పెట్టి, ఈసారి చెవిని వేలి దగ్గరకు వంచింది.

సన్యాసిరావు వాకిట్లో చెప్పులు వేసుకున్నాడు. "అత్తయ్యగారూ, నేనలా స్టేషను దాకా వెళ్ళొస్తాను" అన్నాడు. రైలుకు ఇంకా చాలా సేపుంది. వరహాలమ్మకు లోపల పని ఉన్నా లేవలేదు. అరుగు మీద ఆ చివర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరింది. బియ్యంలో రాళ్ళు లేవు.

చురుకైన పిల్ల. కొద్దిరోజుల్లోనే ఉంగరం అ దగ్గర గొంతు తగ్గించింది. తర్వాత మ్మ దగ్గర. ఒక సాయంత్రం తరళ 'అమ్మ' మీద వేలు పెట్టి, "అమ్మ" అంది. ఉంగరం ఏమీ అనలేదు.

పిల్ల ఇంకోసారి అంది. ఉంగరం పలకలేదు. ఇంకాస్త గట్టిగా అంది. వేలు విదిలించి చూసింది. అమ్మమ్మ వైపు తిరిగి, "పాడైపోయింది" అంది.

"పాడవలేదు తల్లీ. నీకొచ్చేసింది. అందుకని ఊరుకుంది." బడిలో ఏ పిల్లకైనా చెప్పే మాటే అది.

తరళ చాలాసేపు ఆ మాట వైపే చూసింది. తర్వాత వేలు పెట్టి, మెల్లగా, "ఇమ్మ" అంది.

"అమ్మ" అంది ఉంగరం.

*

దసరా సెలవుల తర్వాత బడిలో భాను టీచరు వరహాలమ్మను పక్కకు పిలిచింది. ఒకప్పుడు ఆవిడ దగ్గరే తెలుగు చదువుకున్న పిల్ల ఆ టీచరు. చీర కొంగు సర్దుకుంటూ, మాట కోసం వెతుక్కుంటూ నిలబడింది.

"చెప్పు భానూ, నేనేం అనుకోను."

"తరళ ఒక్క మాటా చదవలేకపోతోంది టీచర్. లెక్కలు చేస్తుంది, కథ చెబితే తు చ తప్పకుండా చెబుతుంది. పుస్తకం తీస్తే మాత్రం... పక్కన కొత్తగా చేరిన చంటి పిల్లలతో కూర్చోబెట్టాను. మీకు చెప్పకుండా కూర్చోబెట్టానని కోపం..."

"కోపమేటి. ఓసారి నా ముందు చదివించు."

భాను నల్లబల్ల మీద రాసింది. తరళ లేచి నిలబడింది. 'పలక' అంటే 'పిలక' అంది. 'గడప' అంటే 'గుడప' అంది. 'మేక' అంటే 'మోక' అంది. వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. తరళకు సిగ్గేమీ వేయలేదు. చేతులు కట్టుకుని తర్వాతి మాట కోసం చూసింది. వేలికి ఉంగరం కూడా లేదు. అది ఇంట్లోనే ఉంటుంది. అయినా ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు.

వరహాలమ్మ దారి పొడవునా అదే ఆలోచించింది. రాని పిల్లలు ఎలా తప్పులు చెబుతారో ఆవిడకు తెలుసు. బొమ్మ చూసి ఊహిస్తారు, పక్కవాడి నోరు చూస్తారు, పది చెబితే ఒకటో రెండో పొరపాటున సరిగ్గా తగులుతాయి. తరళకు ఒక్కటీ తగల్లేదు. పైగా ప్రతి మాటలోనూ ఒకే ఒక్క గుణింతం మారింది. ప్రతిసారీ గురి తప్పాలంటే గురి ఎక్కడుందో తెలిసుండాలి. అన్నీ చదవగలిగిన వాళ్ళు మాత్రమే అలా చదవకుండా ఉండగలరు.

ఇంటికొచ్చాక పిల్ల ఉంగరం తొడుక్కుని కూర్చుంది. "పిలక" అంది. "పలక" అంది హైమ గొంతు, విసుగు లేకుండా. "గుడప." "గడప." "మోక." "మేక."

మనవరాలు అబద్ధమాడుతోందని వరహాలమ్మకు తెలిసిపోయింది. ఆ అబద్ధం ఆపాల్సింది తనే. ఆవిడ బియ్యం చేట దగ్గరకు జరుపుకుని కూర్చుంది. పిల్ల ఆపేదాకా వింది.

*

నెల తర్వాత కూర్మారావు వచ్చాడు. ఉంగరంలో ఏమేం జరిగిందో అతనికి పరిశోధనశాలలో తెలుస్తుంది. కాఫీ చల్లారిపోయినా తాగకుండా కూర్చున్నాడు.

"మిగతా పిల్లలందరికీ బాగా పనిచేస్తోంది టీచరుగారూ. కొండ మీది బడుల్లో పిల్లలు అక్షరాలు గబగబా వదిలించుకుంటున్నారు. తరళే... వచ్చిన అక్షరాలు కూడా మళ్ళీ పోగొట్టుకుంటోంది."

"పోగొట్టుకోవడం లేదు నాయనా. దాచుకుంటోంది."

అతనికి వెంటనే అర్థమైంది. తల వంచుకున్నాడు. "మిగతా పిల్లలకి ఉంగరం ఊరుకుంటే అమ్మ పక్క గదిలో ఉంటుంది. పరుగెత్తుకెళ్ళి చూపించుకుంటారు. ఇది మేం ఆలోచించలేదు. హైమక్క కూడా..." ఆగి, మళ్ళీ అందుకున్నాడు. "నేనొక పని చెయ్యగలను. గొంతు తగ్గడం ఆపేస్తాను. చదివినా, చదవకపోయినా పలుకుతూనే ఉంటుంది. పోదని తెలిస్తే పిల్ల భయం వదిలేసి చదువుతుందేమో."

ఆ 'ఏమో'ను వరహాలమ్మ విన్నది. వినీ, "అలాగే చెయ్యి" అంది. అడిగిన వెంటనే అనేసింది. కూర్మారావు కాస్త ఆశ్చర్యపోయాడు.

ఆ తర్వాతి రోజుల్లో ఇల్లు మారిపోయింది. సాయంత్రమయ్యేసరికి అరుగు మీద హైమ గొంతు పేజీలకు పేజీలు చదువుతూ ఉండేది. నక్క, ఏనుగు, చాకలి గాడిద, రాజుగారి వేలు. వీధిలో పోయేవాళ్ళు ఓ క్షణం ఆగి, తెలిసినవాళ్ళు తల తిప్పుకుని వెళ్ళేవారు. సన్యాసిరావు స్టేషనుకు వెళ్ళడం మానేశాడు. ఆదివారం గుమ్మానికి ఆనుకుని కూర్చుని, కళ్ళు నేల మీద పెట్టి వినేవాడు. ఒకసారి 'రాళ్ళు' అన్న మాటను ఉంగరం 'రాల్లు' అని పలికితే పైకే నవ్వాడు. నవ్వి, తనే ఖంగుతిన్నాడు. అతను నవ్వగా విని ఎంతకాలమైందో వరహాలమ్మకు గుర్తు రాలేదు.

ఒక సాయంత్రం ఆవిడ ముల్లంగి తరుగుతూ మనవరాలి వైపు చూసింది. తరళ వేలు వరస వెంబడి నున్నగా సాగిపోతోంది. ఉంగరం చదువుతోంది. పిల్ల తల గోడకు ఆనించి ఉంది.

కళ్ళు మూసుకుని ఉంది.

వరహాలమ్మ కత్తిపీట పక్కన పెట్టి వెళ్ళి, పుస్తకాన్ని చప్పుడు కాకుండా కిందికి లాగేసి, ఆ చోట పాత పేపరు పెట్టింది. వేలు ఆగలేదు. ఉంగరం అల్లం, పసుపు ధరలు చదవడం మొదలెట్టింది. తరళ మొహంలో ఏ మార్పూ లేదు. కథ కాకపోయినా ఆ పిల్లకు పట్టింపు లేదు.

"ఏం చదివావు తల్లీ?"

తరళ కళ్ళు తెరిచింది. "నేను చదవలేదు. అమ్మ చదివింది."

"మరి నువ్వు?"

"నేను విన్నాను."

నడుముకి బుర్ర కట్టి, నీళ్ళలో వదిలేసి, ఒడ్డున మేం హాయిగా కూర్చున్నాం అనుకుంది వరహాలమ్మ. పిల్ల మునగదు. ఈదనూ ఈదదు. హైమ చేసిన వస్తువును హైమ గొంతు కోసం తామందరూ కలిసి పాడుచేస్తున్నారు.

ఉంగరాన్ని మళ్ళీ పాత పద్ధతికే మార్పిద్దామని ఆ ఆదివారం అల్లుడికి చెప్పింది. "మీరు చెప్పిందే సరైనది అత్తయ్యగారూ" అన్నాడతను. "కూర్మారావుని రేపు చెయ్యమనండి. ఈ సాయంత్రం మాత్రం..."

ఆ సాయంత్రం ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. ఉంగరం పుస్తకమంతా చదివింది.

*

పరిశోధనశాలలో కూర్మారావు ఉంగరాన్ని ఒక చిన్న పెట్టెలో పెట్టి, పాత పద్ధతికి మార్చాడు. ఎంతోసేపు పట్టలేదు. గాజు గది పక్కనే ఉంది. లోపల ఖాళీ కుర్చీ. వరహాలమ్మ దాని వైపు ఒకసారి చూసి, మనవరాలిని తీసుకుని బయటికొచ్చి, సముద్రం కనిపించే మెట్ల మీద కూర్చుంది.

తరళ ఏడవలేదు. అరవలేదు. ఉంగరాన్ని పిడికిట్లో పట్టుకుని, "నేను చదివేస్తే అమ్మ వెళ్ళిపోతుంది" అంది. అమ్మమ్మకు తెలియదేమోనని చెప్పినట్టుగా చెప్పింది.

పిల్లలకు అబద్ధం చెప్పి ఒప్పించడం వరహాలమ్మకు చేతకాదు. 'వెళ్ళదు' అనలేకపోయింది. "మీ అమ్మకి ఈత ఎలా వచ్చిందో చెప్పనా?" అంది.

సొరకాయ బుర్ర సంగతి చెప్పింది. ఎండిన బుర్రను తాడుతో నడుముకి కట్టడం, అది నీటి మీద తేలుతూ మనిషిని మునగనివ్వకపోవడం, రోజుకి కాస్త తాడు వదులు చెయ్యడం. విప్పేసిన రోజు హైమ ఏడవడం. తాత నీళ్ళలో నాలుగడుగుల దూరంలో చేతులు చాపి నిలబడటం.

"మునిగిపోయిందా?"

"కాసిని నీళ్ళు మింగింది. తాత దగ్గరికి ఈదుకుంటూ వచ్చి, ఆయన్ని కొట్టింది."

తరళ నవ్వు ఆపుకుంది. తర్వాత చాలా అవసరమైన ప్రశ్న అడిగింది. "బుర్ర పారేశారా?"

వరహాలమ్మ దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. "లేదే. ఇంట్లోనే ఉండేది. దాంట్లో బీరగింజలు పోసి దాచేదాన్ని. ఎండాకాలంలో మీ అమ్మ ఆ గింజలు నేల మీద ఒంపేసి, బుర్ర పట్టుకుని ఏటికి పరిగెత్తేది."

"ఈత వచ్చాక కూడానా? ఎందుకు?"

"ఎందుకేటి. సరదాకి."

తరళ సముద్రం వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. పిడికిలి తెరిచి, ఉంగరం వేలికి తొడుక్కుంది. చుట్టూ చూసింది. మెట్ల పక్కన గోడ మీద 'చెత్త వేయరాదు' అని రాసి ఉంది. లేచి వెళ్ళి, వేలు పెట్టి, తప్పు లేకుండా చదివింది.

వరహాలమ్మ చీర చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "ఇంత మంచి ముక్క చదివావు గనక ఐస్‌క్రీం తిందాం పద" అంది.

*

ఆ తర్వాత ఉంగరం రోజురోజుకీ మౌనమైంది. అంటే తరళ రోజురోజుకీ చదివింది. భాను టీచరు ఆమెను మళ్ళీ పాత బెంచీలోకి పంపింది. అరుగు మీద సాయంత్రాలు ఇప్పుడు వినిపించేది చిన్నపిల్ల గొంతు. మధ్య మధ్య ఎక్కడో ఒక ఒత్తు దగ్గర హైమ గొంతు ఒక్క అక్షరం అందించి ఊరుకునేది. తర్వాత ఒత్తులు కూడా పోయాయి. 'క్ష' పోయిన రోజు సన్యాసిరావు మళ్ళీ స్టేషను దాకా వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు పిల్లకు కొత్త బొమ్మల పుస్తకం తెచ్చాడు.

కూర్మారావు ఫోను చేశాడు. గొంతులో కొంచెం ఇబ్బంది ఉంది.

"టీచరుగారూ, తరళకి దాదాపు అన్నీ వచ్చేశాయి. ఒక్క ళ తప్ప. ళ ఉన్న ప్రతి మాటా తప్పు పలుకుతోంది. ఉంగరం మళ్ళీ మళ్ళీ అందిస్తోంది. లోపం మాదే. పిల్ల మాట సరైనదా కాదా అని ఉంగరం అసలు ఉచ్చారణతో పోల్చి చూస్తుంది. అందించేది మాత్రం హైమక్క గొంతు. హైమక్క ళ..."

"తెలుసులే."

"పిల్ల ల అంటే ఉంగరం తప్పంటుంది. తప్పని చెప్పి, తనూ ల అనే అందిస్తుంది. ఇది ఎప్పటికీ తెగదు. ఆ ఒక్క అక్షరం ఇంకెవరి గొంతుతోనైనా మార్చేస్తాను."

వరహాలమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. తరళ పక్కింటి పిల్లలతో గోళీలాడుతోంది. "నా గోళీ అది! నీ గోళీ ఆ రాళ్ళ దగ్గరుంది, కళ్ళు కనపడవా?" అని అరుస్తోంది. ప్రతి ళ గంటకొట్టినట్టు ఖంగున పలుకుతోంది. ఎవరి మనవరాలని!

"కూర్మారావూ, రికార్డు చేసేటప్పుడు మీకెవరికీ ఇది తట్టలేదా?"

"తట్టింది టీచరుగారూ. నేనే అడిగాను, ళ వరకు ఇంకొకరి చేత చెప్పిద్దామా అని. హైమక్క వద్దంది."

"ఏమని?"

"'అదలాగే ఉండనీరా. మా అమ్మ ఇంకా దిద్దుతూనే ఉంది. పని మధ్యలో ఆగిపోతే ఆవిడ ఊరుకోదు' అని నవ్వింది."

వరహాలమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. అవతల నుంచి కూర్మారావు, "హలో, టీచరుగారూ?" అంటున్నాడు.

"ఉన్నాను నాయనా. దాన్ని ముట్టుకోకు. అదలాగే ఉండనీ."

సాయంత్రం పిల్ల చేతులు కడుక్కుని, బెల్లం ముక్క నోట్లో వేసుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. నాన్న తెచ్చిన పుస్తకం తెరిచింది. కుందేలు కథ. గడగడా చదువుకుంటూ పోయింది. "తెల్లారింది. కుందేలు క..." అని ఆగి, ఓరకంటితో అమ్మమ్మను చూసి, "ల్లు" అంది.

"ల్లు" అంది ఉంగరం.

"తెరిచింది" అని తరళ వాక్యం పూర్తి చేసింది. మొహంలో దొంగ నవ్వు. అచ్చం పాలగ్లాసు ముందు కూర్చున్న హైమ మొహమే.

తర్వాత పుస్తకం మూసి మొదటి అట్ట తిప్పింది. అక్కడ వరహాలమ్మ గుండ్రటి అక్షరాలతో పిల్ల పేరు రాసి పెట్టింది. తరళ దాని మీద వేలు పెట్టింది. "త" అంది. ఉంగరం ఊరుకుంది. "ర" అంది. ఊరుకుంది. మూడో అక్షరం మీద వేలు ఉంచి, "ల" అంది.

"ల" అంది హైమ.

"ల కాదు" అంది వరహాలమ్మ. తనకు తెలియకుండానే వచ్చేసింది ఆ మాట. "ళ. నాలుక వెనక్కి మడిచి పైకి ఆనించు."

తరళ వేలు ఎత్తి అమ్మమ్మ నోటి దగ్గర పెట్టింది. "గట్టిగా చెప్పు అమ్మమ్మా. అమ్మకి వినపడలేదేమో."

వరహాలమ్మ ఉంగరం దగ్గరకు వంగింది. "ళ" అంది, తరగతి గదిలో చివరి బెంచీకి వినిపించేలా.

తరళ గబుక్కున వేలు కాగితం మీదికి దించి, నవ్వు ఆపుకోలేక, "ల!" అంది.

"ల" అంది ఉంగరం, ఎప్పట్లాగే, మొండిగా, ముద్దుగా.

"చూశావా అమ్మమ్మా, అమ్మకి రావడం లేదు."

"సరేలే" అంది వరహాలమ్మ. మనవరాలి తల మీద చెయ్యి వేసి, ఆ వేలి వైపు చూస్తూ అంది. "రేపు మళ్ళీ చూద్దాం."